జంప్ ఇస్తేనే ట్రాక్టర్ స్టార్ట్ అవుతోందా? లోపం బ్యాటరీలో ఉందో, మరెక్కడ ఉందో తెలుసుకునే పద్ధతి

తొలకరి పడి దుక్కులు మొదలయ్యే రోజుల్లో, వరి నాట్లకు దమ్ము చేసే రోజుల్లో చాలా ఊళ్లలో ఒకే ఇబ్బంది కనిపిస్తుంది. రెండు మూడు నెలలు షెడ్డులో ఉన్న ట్రాక్టర్ తాళం తిప్పితే కదలదు. పక్క రైతు ట్రాక్టర్‌ను దగ్గరకు తెచ్చి వైర్లు కలిపితే వెంటనే స్టార్ట్ అవుతుంది. ఆ రోజు పని గడుస్తుంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే తంతు. నాలుగు రోజులు ఇలా చూసి, బ్యాటరీ పోయిందనుకొని వేల రూపాయలు పెట్టి కొత్తది వేయిస్తారు. కొన్ని ట్రాక్టర్లలో ఆ కొత్త బ్యాటరీ కూడా నెల తిరక్కుండానే దిగిపోతుంది.

బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో చూడకుండా మార్చడం వల్లనే ఇలా జరుగుతుంది. బ్యాటరీ పాడైనా, డైనమో ఛార్జింగ్ ఇవ్వకపోయినా, వైర్లు, టెర్మినళ్లు తుప్పు పట్టినా, బండి ఆపి ఉన్నప్పుడు కరెంటు లీక్ అవుతున్నా పైకి కనిపించే లక్షణం ఒకటే. ఈ నాలుగింటిలో ఏది కారణమో ఒక మామూలు మల్టీమీటర్‌తో రైతు స్వయంగా తెలుసుకోవచ్చు. ఆ పరీక్షలను ఏ వరుసలో చేయాలో ఈ వ్యాసంలో వివరించాం. ఇందులోని అంకెలు 12 వోల్టుల బ్యాటరీతో నడిచే ట్రాక్టర్లన్నిటికీ వర్తిస్తాయి. 12 వోల్టుల కార్లు, జీపులు, ట్రాలీ ఆటోలకూ దాదాపు ఇవే అంకెలు.

జంప్ ఇస్తే స్టార్ట్ అయిందంటే అర్థం ఏమిటి?

జంప్ ఇవ్వగానే సెల్ఫ్ జోరుగా తిరిగి ఇంజిన్ అందుకుందంటే డీజిల్ సరఫరా, ఇంజిన్ కంప్రెషన్ బాగున్నాయని అర్థం. సెల్ఫ్ మోటార్ కూడా చాలావరకు బాగున్నట్లే. సెల్ఫ్‌కు చాలినంత కరెంటు అందడం లేదన్నదే సమస్య. అంతవరకే జంప్ చెబుతుంది. బ్యాటరీ పోయిందని మాత్రం చెప్పదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. జంపర్ వైరు క్లిప్పును సాధారణంగా బ్యాటరీ స్తంభానికి కాక, దాని మీద బిగించిన లగ్గుకు పట్టిస్తారు. అప్పుడు పక్క బండి కరెంటు, స్తంభానికీ లగ్గుకూ మధ్య పేరుకున్న తుప్పును దాటాల్సిన పని లేకుండా నేరుగా వైరులోకి వెళ్తుంది. అలాగే నల్ల క్లిప్పును ఇంజిన్ ఇనుముకు పెడితే, పాడైన ఎర్త్ వైరుతో పని లేకుండానే సెల్ఫ్ తిరుగుతుంది. అంటే బ్యాటరీ నిక్షేపంగా ఉండి, లగ్గు లేదా ఎర్త్ వైరు మాత్రమే పాడైనా జంప్‌తో బండి స్టార్ట్ అవుతుంది. అందువల్ల జంప్‌తో స్టార్ట్ అయిందన్న ఒక్క కారణంతో బ్యాటరీ మార్చకూడదు.

పరీక్షలకు ముందు జాగ్రత్తలు

- ట్రాక్టర్‌ను చదునైన చోట నిలిపి, గేర్లు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయాలి. పీటీవో ఆపి, వెనుక పనిముట్టును నేలకు దించాలి.
- ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. చిన్న నిప్పురవ్వకు కూడా బ్యాటరీ పేలి యాసిడ్ కళ్లలో పడవచ్చు. దగ్గరలో బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల ఉండరాదు.
- చేతి గడియారం, కడియం, ఉంగరం తీసేయాలి. పానా రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగలకుండా చూసుకోవాలి.
- వైర్లు విప్పేటప్పుడు నెగటివ్ (–) వైరు ముందు విప్పాలి. బిగించేటప్పుడు అది చివర బిగించాలి.
- యాసిడ్ ఒంటి మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి.

తాళం తిప్పినప్పుడు వచ్చే శబ్దాన్ని గమనించండి

మీటరు పట్టకముందే శబ్దాన్ని బట్టి సగం సంగతి తెలుస్తుంది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూడాలి.

- టకటకమని వరుసగా శబ్దం వచ్చి, లైట్లు పూర్తిగా మసకబారితే: బ్యాటరీలో ఛార్జింగ్ లేదు, లేదా టెర్మినల్ పట్టు సరిగా లేదు.
- సెల్ఫ్ బరువుగా, నెమ్మదిగా తిరిగితే: బ్యాటరీ బలహీనపడింది, లేదా మందపాటి వైర్లలో కరెంటు నష్టపోతోంది.
- ఒక్కసారి టక్కుమని ఆగిపోయి, లైట్లు మాత్రం ప్రకాశంగానే ఉంటే: సొలినాయిడ్ లేదా సెల్ఫ్ మోటార్‌లో లోపం ఉండవచ్చు. జంప్ ఇచ్చినా ఇది మామూలుగా తీరదు.
- ఏ శబ్దమూ లేకుండా లైట్లు బాగా వెలుగుతుంటే: క్లచ్, పీటీవోల సేఫ్టీ స్విచ్, తాళం స్విచ్, ఫ్యూజు చూడాలి. క్లచ్ పూర్తిగా తొక్కితేగాని సెల్ఫ్ తిరగని ట్రాక్టర్లలో ఈ స్విచ్‌లో మట్టి చేరడం తరచుగా జరుగుతుంది.
- సెల్ఫ్ జోరుగా తిరిగినా ఇంజిన్ అందుకోకపోతే: అది కరెంటు లోపం కాకపోవచ్చు. డీజిల్, ఫిల్టర్, గాలి పట్టడం, ఇంజిన్ ఆపే నాబ్ లేదా సొలినాయిడ్ చూడాలి.

మొదటి రెండు లక్షణాలు కనిపిస్తే కింది పరీక్షలు వరుసగా చేయాలి.

కావలసిన సామగ్రి

డిజిటల్ మల్టీమీటర్, పానాలు, ఉప్పు కాగితం, వైరు బ్రష్, వంటసోడా, వ్యాజ్‌లైన్, డిస్టిల్డ్ వాటర్ సిద్ధం చేసుకోవాలి. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటర్ కూడా ఉంటే మంచిది. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల గీత మీద పెట్టి, ఎర్ర మొనను పాజిటివ్ (+) కు, నల్ల మొనను నెగటివ్ (–) కు ఆనించాలి.

1వ పరీక్ష: కంటితో, చేతితో

ఖర్చు లేని పరీక్ష ఇదే. చాలా ట్రాక్టర్ల సమస్య ఇక్కడే దొరుకుతుంది.

- టెర్మినళ్ల మీద తెల్లని లేదా పచ్చని పొడి పేరుకుందేమో చూడాలి. లగ్గును చేత్తో తిప్పితే కదలకూడదు.
- లగ్గు పైకి శుభ్రంగా కనిపించినా విప్పి లోపల చూడాలి. స్తంభం మీద నల్లని పొర ఉంటే కరెంటును అడ్డుకుంటుంది.
- నెగటివ్ వైరు ఛాసిస్‌కు లేదా గేర్‌బాక్స్‌కు బిగించిన చోటు చూడాలి. దమ్ము చేసే ట్రాక్టర్లలో ఈ బోల్టు బురదలో తడుస్తూ ఉంటుంది కాబట్టి, రంగు కింద, వాషర్ కింద తుప్పు పడుతుంది. ఎక్కువ మంది చూడని చోటు ఇదే.
- పాజిటివ్ వైరు తొడుగు మీద నొక్కి చూడాలి. తొడుగు ఉబ్బి లోపల పొడిపొడిగా తగిలితే రాగి తీగలు యాసిడ్‌కు తినివేయబడినట్లు.
- ఫ్యాన్ బెల్టును రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు 10 నుంచి 12 మి.మీ. లోపలికి పోవాలి. అంతకంటే వదులుగా ఉంటే బెల్టు జారి డైనమో సరిగా తిరగదు.
- మూతలు తీసే రకం బ్యాటరీలో నీటి మట్టం పలకల పైన సుమారు 10 మి.మీ. ఉండాలి.

తుప్పు ఉంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల లోపలికి పోరాదు. ఆరిన తర్వాత స్తంభాన్ని, లగ్గు లోపలి భాగాన్ని, ఎర్త్ బోల్టు కింది ఇనుమును ఉప్పు కాగితంతో మెరిసేలా రుద్ది గట్టిగా బిగించాలి. బిగించిన తర్వాతే పైన వ్యాజ్‌లైన్ పూయాలి.

2వ పరీక్ష: విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ వోల్టేజీ

ఇంజిన్ ఆపగానే చూస్తే బ్యాటరీ లేని బలం చూపిస్తుంది. కనీసం ఆరేడు గంటలు ఆగి, వీలైతే తెల్లవారి తాళం తిప్పకముందే చూడాలి.

- 12.6 లేదా అంతకు మించి: నిండుగా ఉంది
- 12.4: సుమారు ముప్పాతిక
- 12.2: సుమారు సగం
- 12.0: పావు వంతు
- 11.8 లేదా తక్కువ: పూర్తిగా దిగిపోయింది

12 వోల్టులంటే నిండుగా ఉన్నట్లేనని చాలామంది అనుకుంటారు. అది పావు వంతు మాత్రమేనని గుర్తుంచుకోవాలి. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. నిండుగా ఉన్నప్పుడు ఒక్కో సెల్ సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఛార్జింగ్ చేసిన తర్వాత కూడా బ్యాటరీ 10.5 వోల్టుల దగ్గరే ఉంటే ఒక సెల్ చచ్చిపోయినట్లు. దానికి మరమ్మతు లేదు, మార్చాల్సిందే.

హైడ్రోమీటర్ ఉంటే ఆరు సెల్స్‌నూ విడివిడిగా చూడాలి. నిండుగా ఉన్న సెల్‌లో ద్రవ సాంద్రత 1.240 నుంచి 1.280 మధ్య ఉంటుంది. అన్ని సెల్స్‌లోనూ సమానంగా తక్కువగా ఉంటే ఛార్జింగ్ చాలలేదని అర్థం. ఒక్క సెల్ మాత్రం మిగతావాటి కంటే 0.050 లేదా అంతకు మించి తక్కువ చూపిస్తే ఆ సెల్ పాడైనట్లు. నీళ్లు పోసిన వెంటనే ఈ పరీక్ష చేయరాదు. ఛార్జింగ్ చేసి నీళ్లు కలిసిన తర్వాతే చేయాలి.

బ్యాటరీ దిగిపోయి ఉంటే ఇక్కడ ఆగి, ఛార్జర్‌తో పూర్తిగా ఛార్జ్ చేయించాలి. సామర్థ్యంలో పదో వంతు ఆంపియర్లతో ఛార్జ్ చేయడం మంచిది. 88 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 8, 9 ఆంపియర్లు చాలు. పూర్తిగా దిగినదానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. రెండు గంటల్లో ఎక్కించి ఇస్తామనే చోట ఇవ్వకూడదు. ఎక్కువ కరెంటుతో ఎక్కిస్తే బ్యాటరీ వేడెక్కి పలకలు వంకరపోతాయి. దిగిన బ్యాటరీ మీద మిగతా పరీక్షలు చేస్తే వచ్చే ఫలితాలు నమ్మదగినవి కావు.

3వ పరీక్ష: సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ

సెల్ఫ్ మోటార్ తిరిగే ఆ కొద్ది సెకన్లలో వందల ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ అసలు సత్తా అప్పుడే తెలుస్తుంది. మీటరు మొనలను బ్యాటరీ స్తంభాలకే ఆనించి ఉంచి, సీటులో కూర్చున్న మనిషితో తాళం తిప్పించాలి. ఇంజిన్ ఆపే నాబ్ ఉన్న ట్రాక్టర్లలో దాన్ని లాగి ఉంచితే ఇంజిన్ అందుకోకుండా సెల్ఫ్ మాత్రమే తిరుగుతుంది. ఒక్కసారికి 10 సెకన్లు మించరాదు. మళ్లీ తిప్పేముందు ఒక నిమిషం ఆగాలి.

- 9.6 వోల్టులకు పైన నిలబడి, సెల్ఫ్ జోరుగా తిరిగితే: బ్యాటరీ, వైర్లు రెండూ బాగున్నట్లు.
- విశ్రాంతిలో 12.6 ఉండి, సెల్ఫ్ తిప్పగానే 9 కంటే కిందికి పడిపోతే: బ్యాటరీకి సత్తా పోయింది. అరుదుగా సెల్ఫ్ మోటార్ పట్టేసి ఎక్కువ కరెంటు లాగినా ఇలాగే కనిపిస్తుంది. కొత్త బ్యాటరీ కొనేముందు ఆటో ఎలక్ట్రీషియన్ చేత క్లాంప్ మీటర్‌తో సెల్ఫ్ లాగే కరెంటు చూపించుకోవాలి.
- బ్యాటరీ దగ్గర 11 వోల్టులకు పైన ఉండి, సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరిగితే: బ్యాటరీలో బలం ఉన్నా సెల్ఫ్‌కు చేరడం లేదు. తర్వాతి పరీక్షలో అది ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది.

4వ పరీక్ష: వైర్లలో పోయే వోల్టేజీ

ఇది కూడా సెల్ఫ్ తిప్పుతూ చేసే పరీక్షే. ఈసారి మీటరు రెండు మొనలూ ఒకే దారికి రెండు చివరల ఉంటాయి. ఆ దారి బాగుంటే మీటరు సున్నాకు దగ్గరగా చూపాలి.

- పాజిటివ్ దారి: ఎర్ర మొన బ్యాటరీ పాజిటివ్ స్తంభం మీద, నల్ల మొన సెల్ఫ్ మీద మందపాటి వైరు బిగించిన బోల్టు మీద పెట్టాలి. సెల్ఫ్ తిరుగుతుండగా 0.5 వోల్టు మించరాదు.
- ఎర్త్ దారి: నల్ల మొన నెగటివ్ స్తంభం మీద, ఎర్ర మొన సెల్ఫ్ మోటార్ బాడీ మీద రంగు లేని చోట పెట్టాలి. 0.3 వోల్టు మించరాదు.

ఎక్కువ చూపిస్తే మొనను ఒక్కో అతుకు దాటిస్తూ రావాలి. ముందు స్తంభానికీ లగ్గుకూ మధ్య, తర్వాత లగ్గుకూ వైరు రెండో చివరకూ మధ్య చూడాలి. ఏ అతుకు దగ్గర అంకె పెరిగితే లోపం అక్కడే. ఎర్త్ దారిలో 1.5 వోల్టులు పోతుంటే ఎంత పెద్ద బ్యాటరీ వేసినా సెల్ఫ్ తిన్నగా తిరగదు. బోల్టు విప్పి, రుద్ది, బిగిస్తే సరిపోయే పని అది.

5వ పరీక్ష: డైనమో ఛార్జింగ్ ఇస్తోందా?

రైతులు డైనమో అని పిలిచేది నేటి ట్రాక్టర్లలో ఆల్టర్నేటర్. ఇంజిన్ స్టార్ట్ చేసి సుమారు 1,500 ఆర్‌పీఎం వద్ద ఉంచి బ్యాటరీ స్తంభాల మీద వోల్టేజీ చూడాలి. జంప్‌తో స్టార్ట్ చేసినట్లయితే జంపర్ వైర్లు తీసి, 15 నిమిషాలు నడిచిన తర్వాత చూడాలి.

- 13.8 నుంచి 14.5: ఛార్జింగ్ బాగుంది. హెడ్‌లైట్లు వేసినా 13.2 కంటే దిగరాదు.
- ఇంజిన్ ఆపినప్పుడు ఎంత ఉందో అంతే ఉండి, నెమ్మదిగా తగ్గుతుంటే: ఛార్జింగ్ లేదు. బెల్టు, ఫ్యూజు, ఆల్టర్నేటర్ వెనుక వైర్లు, ఆ తర్వాత రెగ్యులేటర్, కార్బన్ బ్రష్‌లు చూపించాలి.
- 15 దాటితే: రెగ్యులేటర్ పాడైంది. బ్యాటరీ ఉడికిపోతుంది. వారానికోసారి నీళ్లు తగ్గిపోవడం, ఘాటైన వాసన రావడం దీని గుర్తులు. ఎండాకాలంలో ఈ లోపం బ్యాటరీని త్వరగా చంపుతుంది.

డ్యాష్‌బోర్డు మీది బ్యాటరీ గుర్తు లైటు తాళం వేయగానే వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. నడుస్తుండగా వెలిగితే ఛార్జింగ్ లేదని అర్థం. తాళం వేసినప్పుడు అసలు వెలగకపోయినా పట్టించుకోవాలి. చాలా ట్రాక్టర్లలో ఆల్టర్నేటర్ మేల్కొనేందుకు కావలసిన తొలి కరెంటు ఈ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ బాగున్నా ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి, ఇంజిన్ ఆగలేదు కాబట్టి డైనమో బాగుందని తేల్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది. పాతకాలపు డీజిల్ ఇంజిన్ ఒకసారి స్టార్ట్ అయితే కరెంటు లేకున్నా నడుస్తుంది. కాబట్టి ఈ పరీక్ష ఏమీ చెప్పదు సరికదా, వైరు ఊడగానే వోల్టేజీ ఒక్కసారిగా పెరిగి ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయి.

6వ పరీక్ష: రాత్రికి రాత్రి దిగిపోతోందా?

పైన అన్నీ బాగున్నా రెండు మూడు రోజులు నిలిపితే బండి స్టార్ట్ కాకపోతే, ఆపి ఉన్నప్పుడు కరెంటు ఎటో పోతోందన్నమాట. దీన్ని రెండు రాత్రుల్లో తేల్చవచ్చు.

మొదటి రాత్రి: పూర్తిగా ఛార్జ్ చేసిన బ్యాటరీని ట్రాక్టర్‌లో ఉంచి, నెగటివ్ వైరు విప్పి, రెండు మూడు గంటలు ఆగి వోల్టేజీ రాసుకోవాలి. తెల్లవారి మళ్లీ చూడాలి. 12.6 ఉన్నది 12.3కో, అంతకు తక్కువకో పడిపోతే లోపం బ్యాటరీ లోపలే ఉంది.

రెండో రాత్రి: వోల్టేజీ నిలిచి ఉంటే, ఈసారి నెగటివ్ వైరు బిగించి ఉంచి తెల్లవారి చూడాలి. ఇప్పుడు పడిపోతే బ్యాటరీ మంచిదే, ట్రాక్టర్ వైరింగ్‌లో లీకేజీ ఉంది.

లీకేజీ ఎంత ఉందో చూడాలంటే నెగటివ్ వైరు విప్పి, మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల గీత మీద పెట్టి, స్తంభానికీ విప్పిన లగ్గుకూ మధ్య కలపాలి. ఎర్ర మొనను కూడా మీటరు మీది 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చుకోవాలి. ఈ సమయంలో తాళం తిప్పితే మీటరు కాలిపోతుంది. పాత ట్రాక్టర్లలో దాదాపు సున్నా చూపాలి. ఎలక్ట్రానిక్ పరికరాలు ఉన్నవాటిలో 0.05 ఆంపియర్ వరకు ఫరవాలేదు. అంతకు మించితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ, ఏది తీస్తే అంకె పడిపోతుందో చూడాలి.

పాటల సిస్టమ్, యాంప్లిఫయర్, అదనపు ఎల్‌ఈడీ లైట్లు, మొబైల్ ఛార్జర్, జీపీఎస్ వంటివి తాళం స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలపడం ఎక్కువగా కనిపించే కారణం. అరడం ఆంపియర్, అంటే 0.5 ఆంపియర్ లాగే యాంప్లిఫయర్ రోజుకు 12 ఆంపియర్ అవర్లు తాగుతుంది. నాలుగు రోజుల్లో 48. అంటే 88 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ. ఇటువంటివన్నీ తాళం తీస్తే ఆగిపోయేలా, ఫ్యూజు పెట్టి కలిపించుకోవాలి.

ఏ ఫ్యూజు తీసినా లీకేజీ తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడును అనుమానించాలి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో తెల్లవారి ఇంజిన్ చల్లగా ఉండి, ఆల్టర్నేటర్ మాత్రం చేతికి వెచ్చగా తగిలితే డయోడు లీకేజీ ఉన్నట్లే.

ఫలితాలను కలిపి చూస్తే

- విశ్రాంతి వోల్టేజీ తక్కువ, ఛార్జింగ్ 13 కంటే తక్కువ: ఆల్టర్నేటర్ వైపు మరమ్మతు చేయించాలి. బ్యాటరీని ఛార్జ్ చేసి మళ్లీ పరీక్షించాలి, అప్పుడే మార్చకూడదు.
- విశ్రాంతి వోల్టేజీ బాగుంది, ఛార్జింగ్ బాగుంది, వైర్లలో నష్టం ఎక్కువ: లగ్గులు, ఎర్త్ బోల్టు, వైర్లు బాగుచేయాలి.
- ఛార్జింగ్ బాగుంది, వైరు విప్పి ఉంచితే నిలుస్తోంది, బిగిస్తే దిగుతోంది: వైరింగ్ లీకేజీ.
- పూర్తిగా ఛార్జ్ చేసినా సెల్ఫ్ తిప్పగానే 9 కిందికి పడిపోతోంది, సెల్ఫ్ మోటార్ బాగుంది: బ్యాటరీ మార్చాలి.
- వైరు విప్పి ఉంచినా రాత్రిలో దిగుతోంది: బ్యాటరీ మార్చాలి.

జంప్ ఇవ్వాల్సి వస్తే సరైన పద్ధతి

రెండు బ్యాటరీలూ 12 వోల్టులవే కావాలి. చాలా లారీలు, బస్సులు 24 వోల్టులతో నడుస్తాయి. వాటి నుంచి ట్రాక్టర్‌కు జంప్ ఇవ్వరాదు. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు. మందపాటి జంపర్ వైర్లే వాడాలి. ఇంటి వైరింగ్ తీగలు క్షణాల్లో కాలిపోతాయి.

1. ఎర్ర వైరు ఒక చివర దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు
2. ఎర్ర వైరు రెండో చివర మంచి బ్యాటరీ పాజిటివ్‌కు
3. నల్ల వైరు ఒక చివర మంచి బ్యాటరీ నెగటివ్‌కు
4. నల్ల వైరు రెండో చివర, స్టార్ట్ కావలసిన ట్రాక్టర్ ఇంజిన్ మీద బ్యాటరీకి దూరంగా రంగు లేని ఇనుముకు

చివరి కలయిక వద్ద నిప్పురవ్వ వస్తుంది కాబట్టే అది బ్యాటరీకి దూరంగా ఉండాలి. మంచి బండిని ఐదు పది నిమిషాలు నడిపి, తర్వాత సీటులో కూర్చునే స్టార్ట్ చేయాలి. స్టార్ట్ అయ్యాక వైర్లు పెట్టిన వరుసకు తిరగేసి తీయాలి.

జంప్ తర్వాత అరగంట పొలానికి వెళ్లి వస్తే బ్యాటరీ నిండిపోదు. ఒకసారి సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయ్యే కరెంటును ఆల్టర్నేటర్ కొద్ది నిమిషాల్లో భర్తీ చేస్తుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ నిండడానికి మాత్రం చాలా గంటలు కావాలి. ఛార్జర్ మీద పెట్టించడమే మేలు.

ప్రాణాల మీదికి తెచ్చే పనులు

స్క్రూ డ్రైవర్‌తో సెల్ఫ్ షార్ట్ చేయరాదు. చక్రం పక్కన నేల మీద నిలబడి సెల్ఫ్ రెండు బోల్టులను స్క్రూ డ్రైవర్‌తో కలిపి స్టార్ట్ చేయడం పల్లెల్లో మామూలైపోయింది. ఇలా చేస్తే క్లచ్, న్యూట్రల్ సేఫ్టీ స్విచ్‌లు ఏవీ పనిచేయవు. గేరు వేసి ఉన్న సంగతి మరిచిపోతే ఇంజిన్ అందుకున్న క్షణంలోనే ట్రాక్టర్ ముందుకు కదులుతుంది. నిలబడిన మనిషి పెద్ద చక్రం దారిలోనే ఉంటాడు. తప్పుకొనే సమయం ఉండదు. సేఫ్టీ స్విచ్ పాడైతే దాన్ని మార్పించాలి గానీ, వైరు కలిపి శాశ్వతంగా పక్కన పెట్టరాదు.

మనుషులతో తోయించి స్టార్ట్ చేయరాదు. ఇంజిన్ ఒక్కసారిగా అందుకుంటే తోసేవారు అదుపు తప్పి పడతారు. తాడుతో లాగితే తాడు తెగి తగలడం, వెనుక ట్రాక్టర్ ముందుదాన్ని ఢీకొనడం జరుగుతాయి. కరెంటు లోపంతో ఇంతటి ప్రమాదం కొని తెచ్చుకోవలసిన అవసరం లేదు.

బ్యాటరీ కలిపి ఉండగా వెల్డింగ్ చేయించరాదు. 50 హెచ్‌పీ మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఈ ట్రాక్టర్లలో ఇంజిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ ఉంటుంది. ఇటువంటి బండ్లలో వెల్డింగ్, జంప్ విషయంలో కంపెనీ పుస్తకంలోని సూచనలే పాటించాలి.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు

- కంపెనీ చెప్పిన ఆంపియర్ అవర్లు, అదే కొలతలు, టెర్మినళ్లు అదే వైపు ఉన్నది తీసుకోవాలి.
- తయారీ నెల చూడాలి. దుకాణంలో చాలా నెలలు నిల్వ ఉన్నది వద్దు. అక్కడే మీటరు పెట్టి 12.5 వోల్టులకు తగ్గకుండా ఉందో లేదో చూడాలి.
- బిల్లు, తేదీ వేసి ముద్ర కొట్టిన వారంటీ కార్డు భద్రపరచాలి.
- పాత బ్యాటరీని దుకాణంలోనే ఇచ్చి దాని విలువ తగ్గించుకోవాలి. అందులోని సీసం విషపూరితం. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 కూడా పాతవి తిరిగి సేకరించి రీసైక్లింగ్‌కు పంపాలని చెబుతున్నాయి. పొలంలో, చెరువు గట్టున యాసిడ్ పారబోయరాదు.
- బిగించిన రోజే 5వ పరీక్ష చేయాలి. ఛార్జింగ్ సరిగా లేకపోతే కొత్తదీ పాతదాని బాటే పడుతుంది.

పని లేని నెలల్లో

దిగిపోయిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ ఛార్జింగ్ ఎక్కదు. మంచి బ్యాటరీలు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే. నెలకు మించి ట్రాక్టర్ నిలపాల్సి వస్తే బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేసి, నెగటివ్ వైరు విప్పి ఉంచాలి. నెలకోసారి మీటరు పెట్టి, 12.4కు తగ్గితే ఛార్జ్ చేయించాలి. వారానికోసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో ఆపేయడం వల్ల లాభం లేదు. ఎండాకాలంలో 15 రోజులకోసారి నీటి మట్టం చూడాలి.

రైతుల సందేహాలు

బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు పోయవచ్చా?
పోయరాదు. వాటిలోని లవణాలు పలకలను పాడు చేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి. తగ్గిన మట్టానికి యాసిడ్ పోయడం కూడా తప్పే. ఆవిరయ్యేది నీరే గనుక నీరే పోయాలి.

బ్యాటరీని సిమెంటు గచ్చు మీద పెడితే దిగిపోతుందా?
నేటి ప్లాస్టిక్ డబ్బా బ్యాటరీలకు ఆ భయం లేదు. పైభాగం మీద తడి, మట్టి, యాసిడ్ చేరితే మాత్రం రెండు టెర్మినళ్ల మధ్య కొద్దికొద్దిగా కరెంటు పోతుంది. పొడిగా తుడిచి ఉంచాలి.

పెద్ద బ్యాటరీ వేస్తే సమస్య తీరుతుందా?
ట్రేలో కదలకుండా పడితే కొంచెం పెద్దది వేయడంలో తప్పు లేదు. కానీ ఛార్జింగ్ లోపం, ఎర్త్ లోపం, లీకేజీ అలాగే ఉంటాయి. రెండు రోజుల్లో దిగేది మూడు రోజుల్లో దిగుతుంది, అంతే.

దుక్కి మొదలుకాక ముందే, తీరిక ఉన్న రోజుల్లో ఈ పరీక్షలు ఒకసారి చేసి, విశ్రాంతి వోల్టేజీ, సెల్ఫ్ తిప్పినప్పటి వోల్టేజీ, ఛార్జింగ్ వోల్టేజీ తేదీతో ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. బండి మొరాయించిన నాడు ఆ మూడు అంకెలతో పోల్చి చూస్తే ఏది మారిందో వెంటనే తెలుస్తుంది. ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్ విప్పాల్సిన పని మాత్రం అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి. ఈ అంకెలు ఆయనకు చూపితే అనవసరమైన సామాను మార్చే పని తప్పుతుంది.